జి.ఆనంద్ గొంతు అర శ్రుతి పైన: అన్నయ్య క్యాసెట్ల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ నెలాఖరు: సరుకు చూడటం

తెనాలి ఇల్లు అద్దెకిచ్చేస్తూ అన్నయ్య రెండు అట్టపెట్టెల క్యాసెట్లు పార్సిల్‌లో హైదరాబాదు పంపించాడు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఈ వేసవికి నేను పెట్టుకున్న పని. ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు రాసిపెడతాను. అటక మీద ఇలాంటి పెట్టె ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

"ఈ పాటలన్నీ ఫోన్లో ఉన్నాయిగా నాన్నా" అంది మా అమ్మాయి. ఉన్నాయి. అందుకే ముందు కంపెనీ క్యాసెట్లన్నీ ఏరి పక్కన పెట్టేశాను. శంకరాభరణం, మేఘసందేశం, ఘంటసాల భగవద్గీత, ఇవేవీ నేను ఎక్కించను. వీటికన్నా శుభ్రమైనవి బయట దొరుకుతున్నాయి. మేఘసందేశం క్యాసెట్టు అట్టని మాత్రం కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒక్క సినిమాకే ఏసుదాసుకీ, సుశీలకీ, రమేష్ నాయుడికీ ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. వచ్చిన రోజు మా వీధిలో అన్నయ్య చేసిన హడావుడి చూస్తే ఆ అవార్డుల్లో తనకీ వాటా ఉందేమో అనిపించేది.

మిగిలినవి అన్నయ్య సొంత సరుకు. అందులో మూడు రకాలున్నాయి.

మొదటిది రికార్డింగ్ సెంటర్లో నింపించినవి. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్టుతోపాటు ఇచ్చి వస్తే, షాపాయన తన దగ్గరున్న ఎల్పీ, ఈపీ గ్రామఫోను రికార్డుల నుంచి ఎక్కించి ఇచ్చేవాడు. చట్టం ప్రకారం అది దొంగసరుకే. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తట్టినట్టు లేదు. రెండోది రేడియో నుంచి, ముఖ్యంగా వివిధ భారతిలో వచ్చే సినిమాపాటల కార్యక్రమం జనరంజని నుంచి పట్టినవి. కువైట్ నుంచి మేనమామ తెచ్చిన నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్ (రేడియో, టేప్‌రికార్డరు కలిసినది) చేసిన పని అది. మూడోది మైకుసెట్టు షాపులో గ్రామఫోను ప్లేటు తిరుగుతుంటే స్పీకరు బాక్సు ముందు టేప్‌రికార్డరు పెట్టి పట్టినవి. ఇవి తక్కువే, వినడానికి ఘోరం. వాటి సంగతి చివర్న చూద్దాం.

ఖాళీ క్యాసెట్లలో సోనీ, టీడీకే, మెల్‌ట్రాక్ మూడూ ఉన్నాయి. డబ్బు కలిసొస్తుందని అన్నయ్య ఎక్కువగా 90 నిమిషాలవి కొన్నాడు. 60 నిమిషాల దాంట్లో టేపు మందం 18 మైక్రాన్ల దాకా ఉంటుంది. అదే డబ్బాలో 90 నిమిషాలు పట్టాలంటే మందం 12కి తగ్గాలి. పల్చటి టేపు తొందరగా సాగుతుంది, నలుగుతుంది, రోలర్‌కి చుట్టుకుంటుంది. పైగా పొర మీద పొర చుట్టుకుని ఉంటుంది కాబట్టి ఒక పొరలోని అయస్కాంతపు ముద్ర పక్క పొర మీద పడుతుంది. పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో అదే పాట సన్నగా, ఎక్కడో పక్క వీధిలో పాడుతున్నట్టు వినిపించడం మీకు గుర్తుంటే, కారణం అదే. చిన్నప్పుడు అది టేపు మహిమ అనుకునేవాణ్ణి.

మే మొదటివారం: డెక్కు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో క్యాసెట్లు వినిపించే ఒక సింగిల్ డెక్కు దొరికింది. ప్లగ్గు పెడితే లైటు వెలిగింది, చక్రం తిరగలేదు. అమ్మినాయన "లైటొచ్చింది కద సార్" అని తన వంతు ముగించేశాడు.

విప్పి చూస్తే రబ్బరు బెల్టులు తాటిబెల్లం పాకంలా కరిగి పుల్లీలకి అంటుకుపోయాయి. ఈ వయసు డెక్కులన్నిటికీ ఉండే జబ్బే ఇది. ఇయర్‌బడ్లూ స్పిరిట్టూ పెట్టి ఆ నల్లటి జిగురు తీయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. చేతికి అంటితే వదలదు, బట్టకి అంటితే ఆ బట్ట మీది కాదు. గ్లౌజులు వేసుకోండి.

కొత్త బెల్టుల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. మోడల్ నంబరు చెప్పబోతే కౌంటర్లో పెద్దాయన ఆపేశాడు. "పేరు చెప్తె నాకేం ఎర్కైతది సార్? కొలత చెప్పుండ్రి." కొలత తీయడం తేలిక. పుల్లీల చుట్టూ దారం బిగువుగా చుట్టి, దాని పొడవు కొలిచి, బెల్టు సాగి పట్టుకోవాలి కాబట్టి అందులోంచి నూటికి 5 నుంచి 8 వంతులు తగ్గించాలి. పెద్దాయన దారాన్ని వేళ్ల మధ్య సాగదీసి చూసి, స్కేలు ముట్టుకోకుండానే రెండు బెల్టులు తీసిచ్చాడు. రెండూ సరిపోయాయి.

టేపు మీది ధ్వనిని చదివే హెడ్‌నీ, టేపుని నడిపే క్యాప్‌స్టన్ కడ్డీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. టేపుని ఆ కడ్డీకి ఒత్తిపట్టే పించ్ రోలర్ రబ్బరు కాబట్టి దానికి స్పిరిట్టు వద్దు, సబ్బునీళ్లు చాలు. దూది మీదికి ఇటుకరంగు పొడి వచ్చింది. అది ఎవరో విన్న పాటల్లోంచి రాలిన ఐరన్ ఆక్సైడే.

తర్వాత వేగం. క్యాసెట్టు టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. 3,000 హెర్ట్జ్ ధ్వని ఉన్న టెస్టు క్యాసెట్టు వేసి ఫోన్లో ఫ్రీక్వెన్సీ చూస్తే 3,060 చూపించింది, అంటే నూటికి 2 వంతులు ఎక్కువ. మోటారు వెనక చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పి 3,000కి తెచ్చాను. ఈ పని ముందే చేసుకోండి. డెక్కు వేగం సరిగ్గా ఉందని తెలియకపోతే తర్వాత తప్పు డెక్కుదో టేపుదో తేలదు. నాకు ఇది ఎంత అవసరపడిందో కింద చూస్తారు.

మే మూడోవారం: జానకమ్మ తేరుకున్నారు

మొదట సెంటర్లో నింపించిన క్యాసెట్లు పట్టాను. వేసిన మొదటిదే కంబళి కప్పుకుని పాడుతున్నట్టు వినిపించింది. టేపు పాడైందనుకుని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. టేపు నిక్షేపంగా ఉంది, హెడ్డే వంకరగా ఉంది.

హెడ్‌లో ధ్వనిని పట్టే సన్నని చీలిక టేపు నడిచే దారికి సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. ఎక్కించిన మెషీన్లో అది కొంచెం వాలి ఉంటే, వినిపించే మెషీన్లోనూ అంతే వాలి ఉండాలి. లేకపోతే పైస్వరాలన్నీ పోతాయి. కంపెనీ క్యాసెట్లకి ఒక కొలత ఉంటుంది. సెంటర్లో నింపినవాటికి ఆ షాపు డెక్కు ఎలా వాలితే అదే కొలత. అందుకే ప్రతి క్యాసెట్టుకీ హెడ్ పక్కనున్న స్క్రూని విడిగా తిప్పుకోవాలి.

దీనికి నేను వాడుకున్నది సితార పాట, "వెన్నెల్లో గోదారి అందం". 1984 సినిమా, సంగీతం ఇళయరాజా, జానకికి జాతీయ అవార్డు తెచ్చిన పాట. ఆవిడది రేపల్లె దగ్గర పల్లపట్ల. తెనాలి నుంచి రేపల్లె రైలు లైను ఉంది కాబట్టి ఆవిణ్ణి మావైపు మనిషిగానే లెక్కవేసుకునేవాళ్లం. ఎడమ, కుడి రెండు చానెళ్లనీ కలిపి మోనోగా పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, స్క్రూడ్రైవరు మెల్లగా తిప్పాను. ముందు ఏమీ తేడా లేదు. పావు చుట్టు తర్వాత గొంతు మీది కంబళి పక్కకి జరిగింది. ఇంకొంచెం తిప్పితే "స"లు విడిగా వినపడ్డాయి, ఆ తర్వాత మాటకీ మాటకీ మధ్య ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడింది. ఇంకొంచెం ముందుకి పోతే మళ్లీ మూసుకుపోయింది. వెనక్కి వచ్చి ఆ ఊపిరి దగ్గర ఆపాను. అప్పటినుంచి అన్ని క్యాసెట్లకీ నా కొలబద్ద అదే: గాయని ఊపిరి వినపడితే స్క్రూ సరైన చోట ఉన్నట్టు.

ఆ పాటలో జానకి అరిచి నిరూపించుకున్నది ఏమీ లేదు. బాధంతా గొంతు తగ్గించి పాడటంలోనే ఉంది. మూసుకుపోయిన హెడ్‌తో వింటే ముందుగా పోయేది సరిగ్గా అదే, మిగిలేది వట్టి ట్యూను. మా ఇంట్లో ఆఖర్లో కొన్నేళ్లు ఆ పాటని వట్టి ట్యూనుగానే విన్నామని ఇప్పుడు తెలిసింది.

ఎక్కించే పద్ధతి గురించి క్లుప్తంగా. లాప్‌టాప్ మైకు రంధ్రంలో వైరు పెట్టొద్దు, ఎక్కువవాటిలో అది మోనో, పైగా శబ్దాన్ని తనంతట తనే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (డెక్కుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె) కొనండి. నేను 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నాను. గంట స్టీరియో వేవ్ ఫైలు దాదాపు 1 జీబీ అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌గా మారిస్తే బాగా తగ్గుతుంది. గరిష్ఠ స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వను. "గుయ్" మని హమ్ వస్తుంటే చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి. నాకు దాంతోనే పోయింది.

జూన్ మొదట్లో: బూజు, పీలికలు, చిల్లర పనులు

కొన్ని క్యాసెట్ల కిటికీలోంచి చూస్తే టేపు అంచుల మీద తెల్లటి పొడి కనిపిస్తోంది. డెల్టా గాలి తేమకి వచ్చిన బూజు. వీటిని డెక్కులో పెడితే హెడ్ మీదా, అక్కణ్ణుంచి మంచి క్యాసెట్లకీ అంటుకుంటుంది. మాస్కు కట్టుకుని వరండాలో కూర్చుని, పాత వాక్‌మన్‌లో రివైండ్ చేస్తూ మెత్తటి గుడ్డ టేపుకి తాకించి తుడుస్తున్నాను. విసుగు పని.

టేపుని హెడ్‌కి ఒత్తి ఉంచే చిన్న స్పాంజి ముక్క చాలావాటిలో ఊడిపోయింది, బంక ఎండిపోవడం వల్ల. అయిదు స్క్రూలున్న డబ్బాలైతే విప్పి కొత్తది అతికించొచ్చు. అతికించేసి మూసిన డబ్బాలని పగలగొట్టి, రీళ్లు తీసి, స్క్రూల డబ్బాలోకి మార్చాలి. శుభ్రమైన కాపీలు బయట దొరికే కంపెనీ క్యాసెట్లని పక్కన పెట్టాను కదా, వాటిలో స్క్రూలున్నవి ఇప్పుడు ఇందుకు పనికొస్తున్నాయి. ఘంటసాల గీత డబ్బాలోకి రామకృష్ణ పాటలు వెళ్లాయి. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయాక ఏఎన్నార్‌కీ శోభన్‌బాబుకీ ఎవరు పాడతారన్నప్పుడు కొన్నాళ్లు వినిపించిన గొంతు వి.రామకృష్ణది. కాబట్టి ఇదేమంత అన్యాయం కాదనుకుంటున్నాను.

జూన్ రెండోవారం: జనరంజని

రేడియో క్యాసెట్లు మొదలుపెట్టాను. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ధ్వని ఉందో చూపించే బొమ్మలో చూస్తే ఇవి వెంటనే తెలిసిపోతాయి. పాటంతా సుమారు 5 కిలోహెర్ట్జ్ కిందే ఆగిపోతుంది, ఆపైన వట్టి బుస. మీడియం వేవ్‌లో వచ్చేదే అంత. దానిపైన కోసేసినా పాటకి నష్టం లేదు, చెవికి సుఖం.

పాట ముందు "టక్". అది పాజ్ బటన్ వదిలిన చప్పుడు. అన్నయ్య రికార్డూ పాజూ రెండూ నొక్కి పెట్టుకుని, అనౌన్సరు "చిత్రం" అనగానే చెవులు రిక్కించి, కావాల్సిన పాటైతే వదిలేవాడు. అందుకని ప్రకటనలన్నీ సగంలోంచి మొదలవుతాయి. చిత్రం పేరు ఎప్పుడూ ఉండదు, రచన, సంగీతం, గానం ఉంటాయి. ఒకచోట "...త్రేయ" అని మాత్రమే ఉంది, తర్వాత "సంగీతం కె.వి.మహదేవన్". ఆ రెండు అక్షరాలూ ఆత్రేయవని మా తరానికి చెప్పక్కర్లేదు.

పాట రాసిందెవరో, కట్టిందెవరో మాకు రేడియో నేర్పింది. ఇప్పుడు నా ఫోన్లో ఉన్న యాప్ హీరో బొమ్మ వేస్తుంది, కంపెనీ పేరు వేస్తుంది, రాసినవాడి పేరు వెతుక్కోవాలి. ఇంకో దరిద్రం ఏమిటంటే, మోనోలో తీసిన పాతపాటకి ఎకో తగిలించి, అటూ ఇటూ పరిచి "స్టీరియో" అని పెట్టడం. సుశీల గొంతు మన ఎదురుగా నిలబడి పాడే గొంతు. ఆవిణ్ణి తీసుకెళ్లి సినిమాహాలు బాత్రూములో నిలబెట్టినట్టుంటుంది. 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోయిన ఈ రేడియో టేపులో ఆవిడ ఇంకా ఎదురుగానే ఉన్నారు.

అందుకే ప్రకటనల ముక్కలు కత్తిరించడం లేదు. "టక్"లు కూడా.

జూన్ మూడోవారం: ఆనంద్ పాట

అసలు చిక్కు ఇక్కడొచ్చింది. అమెరికా అమ్మాయి (1976) లోని "ఒక వేణువు వినిపించెను". పాడింది జి.ఆనంద్, సంగీతం జి.కె.వెంకటేష్. ఆనంద్ శ్రీకాకుళం జిల్లా మనిషి. సినిమాల్లో పాడినవి బాలు పాటల పక్కన పెడితే చాలా తక్కువ, కానీ ఈ ఒక్కటి చాలు, ఆ తరం వాళ్లెవరిని అడిగినా పల్లవి అందుకుంటారు. 2020 సెప్టెంబరులో బాలు పోయారు, 2021 మేలో ఆనంద్ పోయారు, ఇద్దర్నీ కోవిడ్ జబ్బే తీసుకెళ్లింది. బాలుకి దేశమంతా ఏడ్చింది. ఆనంద్ వార్త ఆ రెండో వేవ్ గోలలో చాలామందికి చేరనే లేదు. మా అన్నయ్యకి నేనే వారం తర్వాత చెప్పాను.

ఈ పాట మా టేపులో మామూలుగా మొదలవుతుంది. చివరికొచ్చేసరికి ఆనంద్ గొంతు పల్చబడి, వేగం పెరిగి, కుర్రాడి గొంతైపోతుంది. డెక్కు వేగం సరిచేసే ఉంది కాబట్టి తప్పు టేపుది. ఎంత తప్పో కొలవడానికి బయటి ఆధారం అక్కర్లేదు, పాటలోనే ఉంది: పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ అదే శ్రుతిలో రావాలి. ట్యూనర్‌తో చూస్తే ఆఖరి పల్లవి మొదటిదానికన్నా నూటికి 6 వంతులు పైన ఉంది. హార్మోనియం మీద అంటే సరిగ్గా అర శ్రుతి, ఒకటి ఒకటిన్నర అయింది.

టేపులో పడ్డ కరెంటు హమ్‌ని పట్టుకుని, అది 50 హెర్ట్జ్ అయ్యేలా వేగం సరిచేయమని ఒక చిట్కా చెబుతారు. మన దగ్గర ఆ రోజుల్లో గ్రిడ్డే 50 దగ్గర నిలబడేది కాదు, సాయంత్రాలు 49 కిందికి జారడం మామూలే. ఆ చిట్కా మనకి కొరగాదు. పైగా ఈ పాటలో హమ్మే లేదు. అంటే పట్టినప్పుడు మెషీను కరెంటు మీద లేదు.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"కరెంటు పోయిందిరా. పాట మొదలవుతుందనగా పోయింది. బ్యాటరీలు పాతవి, అప్పటికే రెండుసార్లు ఎండలో పెట్టాను."

అంతే, లెక్క తేలిపోయింది. బ్యాటరీలు నీరసించేకొద్దీ మోటారు నెమ్మదించింది. నెమ్మదిగా నడిచిన టేపు మీద పడ్డ పాట, సరైన వేగంలో వింటే పైకెక్కుతుంది. టేపులో ఉన్నది ఆనంద్ గమకం కాదు, చచ్చిపోతున్న బ్యాటరీలు.

ఆడాసిటీలో టైమ్ ట్రాక్ అని ఒకటుంది. పాట పొడవునా వేగాన్ని గీతలా గీసుకుంటే శ్రుతితో సహా మారుతుంది. మొదటి పల్లవి దగ్గర 100, ఆఖరి దగ్గర 94, మధ్య పల్లవుల దగ్గర ట్యూనర్ చెప్పిన అంకెలు పెట్టాను. బ్యాటరీలు ఒకే తీరున దిగవు, ఆఖరి నిమిషంలో గబుక్కున పడిపోతాయి. అందుకని అక్కడ గీతకి ఎక్కువ చుక్కలు పెట్టాల్సొచ్చింది. సరిచేసింది మొదటినుంచి చివరిదాకా ఒకే శ్రుతిలో నిలబడింది. బాగుంది. అన్నయ్యకి వాట్సాప్‌లో పంపాను.

పావుగంటలో ఫోను. "ఒరేయ్, దాన్ని సరిచేసి పాడుచేశావురా."

"అన్నయ్యా, అసలు పాట అదే. నువ్విన్నది తప్పు."

"నలభై ఏళ్లు విన్నాను, నాకు తప్పెలా అవుతుంది? ఆఖర్లో అలా పైకి వెళ్తేనే ఆ పాట. పెళ్లిలో కూడా అలాగే పాడాను."

నిజమే పాడాడు. మా పిన్ని కూతురి పెళ్లి ఆర్కెస్ట్రాలో మైకు లాక్కుని పాడాడు, ఆఖరి పల్లవి దగ్గర శ్రుతి వదిలేసి పైకెక్కాడు, కీబోర్డు అతను వెతుక్కున్నాడు. అందరం నవ్వాం. ఇంతకీ అన్నయ్య శ్రుతి తప్పలేదు. తనకి తెలిసిన పాటని తెలిసినట్టే పాడాడు. నేను మాత్రం ఏం తక్కువ, ఫోన్లో అసలు పాట విన్నప్పుడల్లా ఆఖర్లో ఏదో చప్పబడిందనిపించేది. గాయకుడు అలిసిపోయాడనుకునేవాణ్ణి.

దాంతో ఒక పద్ధతి పెట్టుకున్నాను. టేపులో ఉన్నది ఉన్నట్టు ఒక ఫైలు, ముట్టుకోకుండా. సరిచేసింది ఇంకొకటి. మొదటిదాని పేరు చివర "అన్నయ్య" అనీ, రెండోదాని చివర "శ్రుతి" అనీ పెడుతున్నాను. మొత్తం టేపంతా ఒకే లెక్కన వేగంగానో నిదానంగానో ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి.

నాయిస్ రిడక్షన్ గురించి అడిగేవాళ్లకి: బుసని 6 డెసిబెల్స్‌కి మించి తగ్గించొద్దు. ఎక్కువ తీస్తే ముందు పోయేది వయొలిన్ల చివర్లు, తర్వాత జానకి ఊపిరి. పదేళ్ల క్రితం ఇలా "శుభ్రం" చేయించి సీడీలు రాయించుకున్న మిత్రుడొకడున్నాడు. వాటిలో గాయకులందరూ నీళ్లలోంచి పాడుతున్నారు, పైగా టేపులు పారేశాడు.

జూన్ నెలాఖరు: ఎక్కడున్నాం

సెంటర్ క్యాసెట్లు అయిపోయాయి. రేడియోవి సగానికి పైగా అయ్యాయి. క్యాసెట్టు అట్టల వెనక అన్నయ్య రాసిన జాబితాలన్నీ ఫొటోలు తీసి అదే ఫోల్డర్లో పెట్టాను. చక్రవర్తి పాటలకి ఎర్రసిరా, ఇళయరాజావి నీలం, సత్యం ఆకుపచ్చ. ఎందుకని అడిగితే తనకీ గుర్తులేదు. పాటల్ని విడివిడి ఫైళ్లుగా కోయడం లేదు, ఒక సైడు ఒక ఫైలు. సెంటర్ క్యాసెట్టులో ఒక పాట అయ్యాక వచ్చేది ఏ పాటో నాకు ఇప్పటికీ ముందే తెలుస్తోంది, ఆ వరస చెదరగొట్టే హక్కు నాకు లేదు.

మైకుసెట్టు షాపు టేపులు ముట్టుకోలేదు. వాటిలో సూది ప్లేటు మీద వాలే "కర్" చప్పుడు పాటకన్నా స్పష్టంగా ఉంది. ఒకదాంట్లో టేపు తెగింది. స్ప్లైసింగ్ టేపు తెప్పించాను, అది వచ్చాక చూడాలి. బూజు పట్టినవి వర్షాలు ముదిరేలోపు పూర్తి చేయాలి, తేమలో పెట్టుకుని లాభం లేదు.

అన్నయ్యకి పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. ఆయన కారు ఎంపీ3 తప్ప చదవదు కాబట్టి 320 కేబీపీఎస్‌లో మార్చాను. "శ్రుతి" ఫైళ్లు ఏవీ పెట్టొద్దన్నాడు. వదినకి వినిపించడానికి ఒక్కటి పెట్టాను. ఇంకో జత బెల్టులు కూడా కొని ఉంచాను, ఆ గల్లీ పెద్దాయన కొట్టు ఎన్నాళ్లు తీసి ఉంచుతాడో.